బాత్రూమ్ టైల్స్ ఊడుతున్నాయా? కొత్తవి కొనే ముందు గోడను తట్టి చూడండి!

గుత్తి: బాత్రూమ్ గోడకు అవతలి వైపు పెయింట్ ఉబ్బుతోందా? షవర్ కింద టైల్స్ సందులు నల్లబడ్డాయా? వైట్ సిమెంట్ తెచ్చి పూసేయడం చాలామంది చేసే పని. కొన్ని నెలలకు మళ్లీ అదే కథ. అసలు సమస్య చాలాసార్లు టైల్స్‌లో కాదు, వాటి వెనక ఉంటుంది.

టైల్ పైపై తొడుగు మాత్రమే. దాని మీద నీళ్లు జారిపోతాయి కానీ, సందుల్లోని సిమెంట్ కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. వెనక వాటర్‌ప్రూఫింగ్ పూత లేకపోతే ఆ చెమ్మ ప్లాస్టరింగ్‌లోకి, అక్కడి నుంచి ఇటుకల్లోకి దిగుతుంది. అదే గోడకు గీజర్ స్విచ్ ఉంటే షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది.

మన దగ్గర ఇంకో చిక్కు. అనంతపురం జిల్లాలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే దిక్కు. ఉప్పదనం ఎక్కువ ఉన్న నీళ్లు ఆరిపోయాక గోడ మీద తెల్ల పొర మిగులుతుంది. అది పోవాలని యాసిడ్ పోసి రుద్దుతారు. ఆ యాసిడ్ తెల్ల పొరతో పాటు సందుల్లోని సిమెంట్‌నూ తినేస్తుంది. గోడ మెరుస్తుంది, లోపలికి నీళ్లకు దారి పడుతుంది! పాత ఇళ్లలో తాడిపత్రి, బేతంచెర్ల బండలు ఉంటే మరీ జాగ్రత్త. అవి సున్నపురాయి. యాసిడ్ పడితే నురగ వచ్చి పైభాగం గరుకెక్కుతుంది. యాసిడ్‌ను బ్లీచింగ్‌తో అసలు కలపొద్దు, విషవాయువు వస్తుంది. స్నానం అయ్యాక వైపర్‌తో గోడ తుడిచేస్తే తెల్ల పొర సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఎలా తెలుసుకోవాలి?: రూపాయి బిళ్లతో టైల్స్ మీద తట్టుకుంటూ పోండి. గట్టి శబ్దం వస్తే పర్వాలేదు. బోలుగా, డొల్ల శబ్దం వస్తే టైల్ గోడను వదిలేసినట్టే. ఒకటి రెండు అయితే వాటినే మార్చొచ్చు. షవర్ చుట్టూ వరసగా డొల్లగా ఉంటే ఆ గోడంతా విప్పించాల్సిందే. అంతకు ముందు పైపు లీకేజీ కాదని తేల్చుకోవాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. పొద్దునకు తగ్గితే ఎక్కడో కారుతోందని అర్థం. నీళ్ల కోసం ట్యాంకర్‌కు డబ్బులు కట్టే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

పాత టైల్స్ మీదే పీవీసీ షీట్లు అంటించేస్తే చాలంటారు కొందరు. ఒక్కరోజులో పని అయిపోతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ తడి గోడ మీద వేస్తే చెమ్మను దాచిపెట్టినట్టే తప్ప ఆపినట్టు కాదు.

విప్పించే రోజు గీజర్ మెయిన్ ఆఫ్ చేయాలి, వాల్వ్ కట్టేయాలి. డొల్లగా ఉన్న ప్లాస్టరింగ్‌ను ఇటుక కనిపించేదాకా చెక్కించండి. పైపులకు ప్రెజర్ టెస్ట్ చేయించకుండా గోడ మూయొద్దు. కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. గుత్తి ఎండల్లో ఒక్క పూట వదిలేసినా పగుళ్లు రావొచ్చు. అందుకే నడి వేసవిలో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఆరాక వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మూలల్లో ఫైబర్ మెష్ వేయించాలి. షవర్ దగ్గర పూత తల పైదాకా వెళ్లాలి. చాలామంది బేల్దార్లు మోకాలి ఎత్తుకే ఆపేస్తారు, దగ్గరుండి అడగండి.

విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపు పీల్చదు, మామూలు సిమెంట్ పాలకు సరిగా పట్టుకోదు. దానికి టైల్ అడెసివ్ వాడాలి. ఎన్ని టైల్స్ కొనాలి? 5 అడుగులకు 4 అడుగుల బాత్రూమ్‌కు 7 అడుగుల ఎత్తు వేస్తే, తలుపు తీసేసి దాదాపు 108 చదరపు అడుగులు. 10 శాతం వృథా కలిపితే 120. అంటే 12-18 అంగుళాల టైల్స్ 80 వరకు పడతాయి. అన్నీ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, లేకుంటే రంగు తేడా వస్తుంది.

సందులు 2 నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపితే మంచిది. ఖర్చు ఎక్కువే కానీ నీళ్లు పీల్చదు. గోడలు కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్ కాదు, సిలికాన్ పెట్టించాలి. అది పూర్తిగా ఆరేదాకా షవర్ తిప్పొద్దు.