కారిబూ మందను కాపాడుకున్న అడవి బిడ్డల చరిత్ర



అడవి జంతువులను కాపాడాలంటే ముందు ఆదివాసులను బయటికి పంపాలని మనకు చిన్నప్పటి నుంచి చెప్తున్నారు. నల్లమల చెంచులను అడగండి, ఈ మాట ఎన్నిసార్లు విన్నారో! దీనికి పూర్తి భిన్నమైన చరిత్ర ఒకటి కెనడాలో జరిగింది. కొంచెం ఓపికగా చదవండి.

కెనడా పడమటి వైపు బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. దాని ఈశాన్యంలో పీస్ నది. అక్కడి కొండల్లో వెస్ట్ మోబర్లీ, సాల్టో అనే రెండు ఆదివాసీ సమూహాలు ఉంటాయి. వాళ్ల జీవనానికి ఆధారం కారిబూ. ఇది రెయిన్‌డీర్ జాతి జింక. చలికాలంలో చెట్లకు, రాళ్లకు పట్టే లైకెన్ తిని బతుకుతుంది. తిండి, బట్ట, పనిముట్లు అన్నీ దాని నుంచే వచ్చేవి. ఒకప్పుడు కారిబూలు కొండలంతా పురుగుల్లా కనిపించేవని పెద్దలు చెప్పేవాళ్లు.

1899లో ప్రభుత్వం ఆ ప్రాంత ఆదివాసులతో ఎనిమిదో ఒప్పందం చేసుకుంది. వేట, చేపలు పట్టడం ఎప్పటిలాగే సాగించుకోవచ్చని మాట ఇచ్చింది. కానీ జంతువే లేకపోతే వేట హక్కు కాగితం మీద ఉండి ఏం లాభం?

1960లలో పీస్ నది మీద బెన్నెట్ డ్యామ్ కట్టారు. లోయలు మునిగి పెద్ద జలాశయం ఏర్పడింది, కారిబూలు తరతరాలుగా నడిచిన దారులు తెగిపోయాయి. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత కలప నరికారు, బొగ్గు గనులు, గ్యాస్ బావులు, రోడ్లు వచ్చాయి. నరికిన చోట లేత చిగుళ్లు రావడంతో మూస్ అనే పెద్ద దుప్పులు పెరిగాయి. వాటి కోసం తోడేళ్లు పెరిగాయి. రోడ్ల వెంట తోడేళ్లు సులువుగా కొండెక్కి కారిబూలను పట్టేశాయి. అంటే తోడేలు చివరి కారణం మాత్రమే, మొదటి కారణం అడవి నరకడం.

మంద తగ్గుతోందని ముందు గుర్తించింది ఆదివాసులే. 1970లలోనే తమంతట తాము కారిబూ వేట ఆపేశారు. హక్కు ఉండి కూడా! అయినా నరకడం ఆగలేదు. బర్న్ట్ పైన్ అనే మందలో 11 జంతువులే మిగిలినప్పుడు, అక్కడే బొగ్గు తవ్వకాలకు అనుమతి ఇచ్చారు. వెస్ట్ మోబర్లీ వాళ్లు కోర్టుకెళ్లారు. మీతో సరిగా సంప్రదించలేదని 2010లో కోర్టు, 2011లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షానే చెప్పాయి. కేసు గెలిచారు గానీ ఆ మంద మాత్రం దక్కలేదు.

పక్కనున్న క్లిన్సే-జా మందలో 2013 నాటికి 38 మాత్రమే మిగిలాయి. ఇక ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. రెండు సమూహాలూ శాస్త్రవేత్తలను కలుపుకుని పనిలోకి దిగాయి. చూలుతో ఉన్న ఆడ కారిబూలను చలికాలం చివర హెలికాప్టర్‌తో పట్టి, కొండ మీద కంచె వేసిన దొడ్డిలో ఉంచారు. ఊరివాళ్లు చేతులతో లైకెన్ ఏరి తెచ్చి మేపారు. కాపలాదారులు రాత్రింబవళ్లు అక్కడే ఉన్నారు. పిల్లలు పుట్టి కాస్త బలం పుంజుకున్నాక వేసవిలో అన్నింటినీ వదిలేవాళ్లు. మరోపక్క తోడేళ్ల సంఖ్య తగ్గించారు. ఇది ఇష్టంగా చేసిన పని కాదు. అడవి తిరిగి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది, అప్పటిదాకా మంద బతికుండాలి కదా!

2021 నాటికి మంద 101కి చేరింది.

2020లో కెనడా ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, ఈ రెండు సమూహాలు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. దాదాపు 7,900 చదరపు కిలోమీటర్ల నేలకు రక్షణ వచ్చింది. అదేమీ తేలిగ్గా రాలేదు. ఉద్యోగాలు పోతాయని చుట్టుపక్కల పట్టణాల్లో వ్యతిరేకత లేచింది, జాతి పేరుతో తిట్లు కూడా పడ్డారు. అయినా వెనక్కి తగ్గలేదు.

పని ఇంకా పూర్తి కాలేదు. పండగకు, పిల్లల తిండికి మళ్లీ వేటాడగలిగేంత మంద కావాలన్నది వాళ్ల లక్ష్యం. వందతో అది తీరదు.

మనకేంటి అంటారా? 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ తీసి చదవండి. అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉందని రాసి ఉంది. పట్టాల గురించి మాట్లాడినంతగా మనం దీని గురించి మాట్లాడటం లేదు. ఈసారి మీ ఊరి గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి: మన తాతలు చూసిన ఏ జంతువు, ఏ చెట్టు ఇప్పుడు కనిపించడం లేదు? పెద్దలు చెప్పింది రాసి పెట్టండి. అక్కడ కూడా పని పెద్దల జ్ఞాపకంతోనే మొదలైంది.

జోహార్!