గేరు బండి – గేరులేని బండి

విశాఖపట్టణము కొండల నడుమ, కడలి యొడ్డున వెలసిన నగరము. 1933లో ఓడరేవు తెరువబడిన పిదపను, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదపను ఊరు నలుదెసల వ్యాపించినది. ఇంటికిని పనికిని దూరము పెరిగినకొలది మధ్యతరగతి కుటుంబమునకు రెండు చక్రముల బండి అవసరమైనది. ఆ బండి చరిత్రలో గేరు కథ చిన్నదే. కాని దాని ఫలితము చిన్నది కాదు.

ఇంజను తగినంత వేగముతో తిరిగినప్పుడే చాలినంత బలము నీయగలదు. మిట్ట యెక్కునపుడు బలము, చదును బాటపై వేగము కావలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చునదే గేరు. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్‌కు గేరు కాలితో వేయవలెను. 1960లో బజాజ్ వారు ఆరంభించిన వెస్పా స్కూటరుకు గేరు ఎడమచేతి పిడిలో నుండెను. క్లచ్చిని వ్రేళ్లతో బిగించి, పిడిని త్రిప్పి, మెల్లగా వదలవలెను. తొందరపడినచో బండి ఎగిరిపడి ఆగిపోవును. మిట్టమీద ఆగినచో మరల కదల్చుట మరింత కష్టము. అందుచేత ఆ దినములలో స్కూటరు చాలవరకు మగవారి వాహనముగనే చెల్లినది. పిల్లవాడు ముందు నిలుచుండెడివాడు. ఇల్లాలు వెనుక ఒకప్రక్కకు కూర్చుండెడిది.

1972లో వచ్చిన లూనా మోపెడ్‌కు గేర్లు లేవు. కాని అది తేలికపాటి బండి. 1984లో కైనెటిక్ హోండా స్కూటరు వచ్చినది. దీనిలో రెండు కప్పీలు, వాని నడుమ ఒక బెల్టు కలవు. ఇంజను వేగము హెచ్చినకొలది ముందు కప్పీలోని చిన్న దిమ్మలు వెలుపలికి జరిగి, బెల్టును పైకి నెట్టును; వెనుక కప్పీలో బెల్టు లోనికి దిగును. గేరు తనంత తానే మారినట్లగును. మీట నొక్కిన ఇంజను కదలును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము సైతము గేరు గల బండికి, గేరులేని బండికి లైసెన్సులను వేరుగా పేర్కొనినది.

అయితే పాత పద్ధతికి గుణములు లేకపోలేదు. సింహాచలము ఘాటు దిగునపుడు రెండవ గేరులో నుంచినచో ఇంజనే బండిని పట్టి యుంచును. గేరులేని స్కూటరులో ఆ పట్టు తక్కువ. భారమెక్కువగా బ్రేకులపై పడును. కనుక అట్టి బండిపై దిగువారు మొదటినుండియు నెమ్మదిగా దిగుట మేలు. బెల్టు రాపిడిలో కొంత శక్తి వృథాయగును. పెట్రోలు పొదుపు కోరువారు 1985లో వచ్చిన హీరో హోండా వంటి గేరు మోటారు సైకిళ్లను ఆదరించుటకు ఇదియు నొక కారణము.

కాలక్రమమున బజాజ్ వారు చేతక్ స్కూటరు తయారీని నిలిపివేసిరి. 2020లో అదే పేరు విద్యుత్ బండిపై మరల వచ్చినది; దానికి గేరు లేదు, క్లచ్చియు లేదు.

యంత్రమున ఒక మీట తగ్గుట స్వల్ప విషయముగా తోచవచ్చును. కాని వెనుక కూర్చున్న ఇల్లాలు ముందునకు వచ్చి పిడి పట్టినది. కుమార్తె ఒంటరిగా కళాశాలకు వెళ్లినది. గేరులేని బండి మనకు మిగిల్చిన శ్రమకన్న, మన యిండ్లలో తెచ్చిన ఈ మార్పే గొప్పది.