పరువు నష్టం దావాలో ఓడితే అప్పీలు ఏ కోర్టులో?

అసైన్డ్ భూమి ఆక్రమణ గురించి ఊరి సభలో మాట్లాడిన కార్యకర్తకు కొన్నాళ్లకు కోర్టు నుంచి సమన్లు వస్తాయి. కింది కోర్టులో తీర్పు వ్యతిరేకంగా వస్తే పై కోర్టు ఏదో తేల్చుకునేలోపే గడువు దాటిపోతుంది. ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. జవాబు కేసు నడిచిన దారిని బట్టి మారుతుంది.

నష్టపరిహారం కోరుతూ వేసేది సివిల్ దావా. డిక్రీపై మొదటి అప్పీలుకు హక్కు ఇచ్చేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్. అప్పీలు జిల్లా కోర్టుకా, హైకోర్టుకా అన్నది తీర్పిచ్చిన కోర్టు స్థాయిని, దావా విలువను బట్టి ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే: మామూలుగా చూడాల్సింది వాది దావాలో చూపిన విలువను, కోర్టు చివరకు ఇప్పించిన మొత్తాన్ని కాదు. పది లక్షలు అడిగి పదివేలే గెలిచినా దావా విలువ పది లక్షలే. ఈ విలువల పరిమితులను సవరిస్తూ ఉంటారు కాబట్టి పాత పుస్తకాన్ని నమ్మవద్దు. జిల్లా కోర్టుకైతే గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. తీర్పు నకలు కోసం ఎదురుచూసిన రోజులను ఇందులోంచి మినహాయిస్తారు, అందుకే నకలుకు వెంటనే దరఖాస్తు పెట్టాలి.

దావా తేలకముందే 'ఈ విషయం మాట్లాడకూడదు' అని మధ్యంతర నిషేధం వస్తే? తుది తీర్పు దాకా ఆగనక్కర్లేదు. ఆర్డర్ 43, రూల్ 1(ఆర్) కింద ఆ ఉత్తర్వుపైనే అప్పీలు వేయవచ్చు. ఉద్యమం నోరు కట్టేసేది తరచూ ఈ ఉత్తర్వే కనుక మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అప్పీలు ఇదే.

క్రిమినల్ ఫిర్యాదు దారి వేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ (పాత ఐపీసీ 499, 500) కింద మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లో. బెయిలుపై ఉన్నవారు అప్పీలుకు వెళ్తామని శిక్ష వేసిన కోర్టుకే చెప్పి, అందుకు వ్యవధి, బెయిలు కోరవచ్చు.

కులం పేరుతో దూషించిన కేసును దీనితో కలిపి చూడకూడదు. అది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్), (ఎస్) కింద నేరం. ప్రత్యేక కోర్టు తీర్పుపై 14ఎ సెక్షన్ ప్రకారం అప్పీలు నేరుగా హైకోర్టుకే, 90 రోజుల్లో. బెయిలు ఇచ్చినా, నిరాకరించినా అక్కడికే. నిందితుడి బెయిలు విచారణలో తన మాట వినిపించుకునే హక్కు బాధితులకు 15ఎ ఇచ్చింది. ఆ హక్కును వాడుకునేవారు తక్కువ.

ఏ హైకోర్టు? 2019 జనవరి 1 నుంచి గుంటూరు కేసు అమరావతికి, వరంగల్ కేసు హైదరాబాద్‌కు వెళ్తుంది. ప్రతివాది ఇప్పుడు ఎక్కడ నివసిస్తున్నా, తీర్పిచ్చిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర హైకోర్టే.