మొలలోని కత్తి

ఒంటరిగా ప్రయాణము చేయువాడు ఆత్మరక్షణకై మొలలో కత్తి ఉంచుకొనవచ్చునా? శ్రోతలు కొందరు మమ్ము అడుగు ప్రశ్న ఇది. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోవు రైతు, సంతసొమ్ముతో ఇల్లు చేరవలసిన చిల్లర వర్తకుడు, అడవిదారిని నడచు కూలివాడు, వీరి భయము కల్పితము కాదు. కనుక ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. చట్టమేమనునో ఒక్కమాటలో చెప్పి ఊరకుండుటయు చాలదు. కత్తితో మన ప్రాంతమునకు గల పరిచయము మిక్కిలి పాతది. ఆ చరిత్రను కొంత తిరుగవేసి చూచినచో సమాధానము తేటపడునని మా నమ్మకము.

గోదావరికి ఇరుదరుల నున్న కరీంనగర్, ఆదిలాబాద్ సీమలును, వాని నానుకొనియున్న నిజామాబాద్ సీమయు ఒకప్పుడు లోకప్రసిద్ధమైన ఉక్కునకు పుట్టినిండ్లు. నిర్మల్ దాపుననున్న దిమ్మదుర్తిలో నల్లని ఇనుప ఇసుకను కరగించి ఇనుము తీసెడివారు. మెట్‌పల్లికి అనతిదూరమున నిజామాబాద్ జిల్లాలో నున్న కోనసముద్రమున రెండు తెరగుల ఇనుమును మట్టి మూసలలో పెట్టి మూసి, బొగ్గుకొలిమిలో ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి కాల్చి ఉక్కుముద్దలు చేసెడివారు. వైద్యుడును భూగర్భ శాస్త్రజ్ఞుడును అగు హెన్రీ వాయిసీ ఈ పనిని స్వయముగా చూచి వర్ణించెను. ఆయన 1824లో మరణించగా, ఆ వర్ణన 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇస్పహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడు కోనసముద్రములో మకాము చేసి, ఉక్కును పరీక్షించి కొనుచుండుట అందు కనబడును. నీటి అలల వంటి చారలు గల డమాస్కస్ కత్తులకు ఇట్టి ఉక్కే ముడిసరకు. తెలుగు కన్నడములకు ఉమ్మడి మాటయైన ‘ఉక్కు’ పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’ అయినదని పెక్కుమంది పండితుల మతము. 1795లో జార్జి పియర్సన్ దీనినిగూర్చి లండన్ రాయల్ సొసైటీకి పత్రము సమర్పించెను. తరువాత మైకేల్ ఫారడే అంతటివాడు, స్టోడార్ట్ అను కత్తుల తయారీదారుతో కలిసి, దీని రహస్యము తెలియుటకై ప్రయోగములు చేసెను. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును మన జిల్లాలలో సర్వే జరిపి, ఊరూరను నిలిచియున్న ఇనుప చిట్టెపు దిబ్బలను లెక్క వ్రాసికొనిరి.

ఇంత చెప్పుట గొప్పలకు కాదు. ఒక విషయము గమనింపవలెను. కమ్మరి కొలిమిలో ఖడ్గముకంటె కొడవలియు, నాగటికర్రును, గొడ్డలియు ఎక్కువగా తయారగుచుండెడివి. గీతగాని ముస్తాదులోని కత్తి, గొఱ్ఱెలకాపరి భుజముమీది గొడ్డలి, వంటింటి కత్తిపీట, ఇవన్నియు పదునైనవే. వీనిని ఎవ్వరును ఆయుధములని అనలేదు. పదునునుబట్టి కాక, పనినిబట్టియు, పట్టినవాని తలంపునుబట్టియు ఇనుము ఆయుధమగుచున్నది. ఈ భేదమును ముందు చట్టములో మరల చూడగలము.

కత్తి చేయు చేతులున్న ఈ నేలమీదనే, కత్తి ఎత్తుటకు హద్దు చెప్పిన పండితులును ఉండిరి. జగిత్యాల దాపుననున్న పొలాసను రాజధానిగా చేసికొని ఏలిన పొలవాస పాలకులు కళ్యాణి చాళుక్యుల సామంతులు. ఆ కళ్యాణి ప్రభువులలో 6వ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వరకు రాజ్యమేలెను. అతని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ‘మితాక్షర’ అను వ్యాఖ్య రచించెను. నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధపాణియై పైకి వచ్చువాడు మొదలగువారిని ధర్మశాస్త్రములు ‘ఆతతాయి’ అనినవి. ఆతతాయిని చంపినను దోషము లేదను వచనములు పూర్వమునుండియు కలవు. విజ్ఞానేశ్వరుడు వానిని యథాతథముగా విడువక చర్చించెను. తన్ను రక్షించుకొనుటకై ఎదిరించుట వేరు, చంపుటకై పూనుట వేరు అని అతని వివరణ సారము. చంపవలెనను సంకల్పము లేక, అడ్డుకొనుచుండగా పొరపాటున ప్రాణహాని కలిగినచో దోషము స్వల్పమని అతడు తీర్మానించెను. తొమ్మిది వందల యేండ్ల నాటి ఈ విచారణ, నేటి న్యాయస్థానములలో వినబడు వాదములకు ఎంత దగ్గరగా నున్నదో గమనింపుడు.

శాస్త్రము హద్దు చెప్పినను, దానిని కాపాడు ప్రభుత్వము బలహీనమైనచో ఏమగునో 19వ శతాబ్ది హైదరాబాదు రాజ్యము చూపినది. నాడు రాజ్యములో అరబ్బులును, రోహిలాలును సిపాయిలుగా చేరి ఆయుధములు ధరించి తిరుగుచుండిరి. వారిలో పలువురు వడ్డీవ్యాపారములోనికి దిగిరి. అప్పుపత్రముతోపాటు ఆయుధమును చూపి బాకీలు వసూలు చేయుట జిల్లాలలో పరిపాటి అయ్యెను. నగరములో నడుమున జంబియాయో, కత్తియో లేనివాడు మగవాడు కాడనునంతటి వాడుక ప్రబలెను. అందరి నడుములకును కత్తులున్నందున అందరును సురక్షితులైరా? 1859లో ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగు బ్రిటిష్ రెసిడెంటుతో దర్బారునుండి వెలుపలికి వచ్చుచుండగా, జహంగీర్‌ఖాన్ అనువాడు తుపాకి పేల్చి, పిదప కత్తి దూసెను. ప్రధాని బ్రదికెను, దుండగుడు అచటనే హతుడయ్యెను. ఇందరు ఆయుధధారుల నడుమ నడచు మంత్రికే రక్షణ లేనపుడు సామాన్యునకు ఎక్కడిది?

సాలార్‌జంగు కనుగొన్న మందు మరికొన్ని కత్తులు కాదు. 1865లో జిలాబందీ చేసి రాజ్యమును జిల్లాలుగా విభజించెను. న్యాయస్థానములను, పోలీసును క్రమపరచెను. నాటి ఎలగందుల జిల్లాయే 1905లో కరీంనగర్ అయినది. ఆదిలాబాదు జిల్లా సైతము ఆ యేడే ఏర్పడినది. 2016లో ఇవి రెండును ఎనిమిది జిల్లాలుగా చీలినవి. జిల్లా అనగా కచ్చేరి, కొత్వాలు, మున్సిఫు అని జనులకు తెలియ మొదలైన కొలదియు, నడుమునకు కత్తి కట్టవలసిన పని తగ్గజొచ్చెను.

అయినను ఆ కచ్చేరి అందరకును సమానముగా అందలేదు. అందని చోట ఏమి జరిగినదో ఆదిలాబాదు అడవులు చెప్పును. గోండుబిడ్డ కుమ్రం భీం కథ మనవారందరు ఎరిగినదే. తన కుటుంబము దున్నిన భూమిమీది పంటను ఇతరులు తమదనగా తగవు పెరిగి, అతని దెబ్బకు సిద్దిఖ్ అనువాడు చనిపోయెనని జీవితకథలు చెప్పుచున్నవి. ఆ తగవులో న్యాయము భీముని పక్షముననే కలదని గోండుల నమ్మకము. అయినను ఆ ఒక్క దెబ్బతో అతడు ఊరు విడిచి, బల్లార్షా, చాందా దాటి, అస్సాం తేయాకు తోటలవరకు పోయి అజ్ఞాతముగా బ్రదుకవలసివచ్చెను. భూమి నిలుపుకొనుటకు ఎత్తిన చేయి ఆ భూమినే విడిపించినది. తిరిగి వచ్చిన పిదప అతడు ఒంటరిగా పోరాడలేదు. గూడెములను కూడగట్టి, అర్జీలు పెట్టించి, హక్కును అడిగెను. ఆ మొర ఆలకింపబడక, 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పులలో అసువులు బాసెను.

ఆ మరణము వ్యర్థము కాలేదు. ప్రభుత్వము మేల్కొని, ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ చేత గోండుల స్థితిగతులను విచారింపజేసెను. ఆయన సిఫారసుల ఫలితముగా 1949 నాటికి ఆదిలాబాదు జిల్లాలో గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరముల భూమి పట్టాలయ్యెను. ప్రతిఘటన లేకున్న ఆ పట్టాలు వచ్చియుండెడివి కావని అనువారి మాటలో సత్యము కలదు, మేము కాదనము. కాని పోడు నేలను కాచినది భుజముమీది గొడ్డలియా, పెట్టెలోని పట్టాయా అని అడిగినచో, ఆ పట్టా అందినవాడు ఏమి చెప్పునో ఊహింపవచ్చును.

ఇక నేటి చట్టమునకు వత్తము. 1951లో భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది. దాని 96 మొదలు 106 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పినవి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే నియమములు 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో ఉన్నవి. హక్కు నిజముగనే పెద్దది. మన ప్రాణమునకే గాక, పరుల ప్రాణమునకును, ఆస్తికిని అపాయము వచ్చినపుడు ఎదిరింపవచ్చును. ప్రాణభయము సమంజసమైనదగుచో ఎదుటివాని ప్రాణము పోయినను నేరము కాదు. అట్టి క్షణమున మనుష్యుడు దెబ్బను బంగారు త్రాసులో తూచి కొట్టజాలడని సుప్రీంకోర్టు గుర్తించినది. అయినను మూడు కట్టుబాట్లు కలవు. అధికారుల రక్షణ కోరుటకు వ్యవధి ఉన్నచో ఈ హక్కు లేదు. రక్షణకు కావలసినదానికంటె ఎక్కువ హాని చేయరాదు. అపాయభయము తొలగిన మరుక్షణము హక్కును తొలగును. పారిపోవువానిని వెంటబడి పొడిచినది ఆత్మరక్షణ కాదు, పగ. ఆత్మరక్షణయే అని రుజువు చేయవలసిన భారము మొదట పొడిచినవానిదే.

కత్తి ధరించుట మరియొక ప్రశ్న. 1959 నాటి ఆయుధముల చట్టము ఇంటిపనికి, సేద్యమునకు మాత్రమే ఉద్దేశింపబడిన పనిముట్లను ఆయుధములుగా ఎంచలేదు. కొలిమి దగ్గర మేము చెప్పిన భేదము ఇదియే. 1962 నాటి నియమావళి 9 అంగుళములకు మించిన పొడవో, 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగు ఉన్న కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చినది. కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో అట్టివానికి లైసెన్సు కావలెను. సిక్కులు కృపాణము ధరించుటను రాజ్యాంగము 25వ అధికరణము వివరణలో మతాచారముగా గుర్తించినది. ఆదిలాబాదు సరిహద్దు దాటి నాందేడు గురుద్వారకు పోయినవారు దానిని చూచియుందురు. అది వ్రతచిహ్నము, దానికి నియమమున్నది. మొలలో దాచిన చురకత్తికి ఆ నియమము లేదు. ఎన్నికలప్పుడో, అల్లరులప్పుడో మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ ఇచ్చినచో, చిన్న కత్తి సైతము నేరమునకు దారి తీయవచ్చును.

తొమ్మిది అంగుళములకు లోబడినది కదా అని ధైర్యపడువారు ఇంకొక లెక్క తెలిసికొనవలెను. ఒకనిని చేతితో కొట్టి గాయపరచినచో శిక్ష ఒక యేడు వరకు. అంతే గాయము కత్తితో చేసినచో మూడేండ్ల వరకు. గాయము తీవ్రమైనచో యావజ్జీవము వరకును పోవచ్చును. తగవు అదే, మనుష్యులు వారే. నడుమ కత్తి చేరుటచే శిక్ష ఇంతగా పెరుగుచున్నది.

శరీరధర్మము చట్టముకంటెను కఠినమైనది. తొడమీదనో, చేతిమీదనో పొడిచిన ప్రమాదము లేదనుకొనుట భ్రమ. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో కొలది నిమిషములలో ప్రాణము పోవచ్చును. పిడికిని అలుగునకును నడుమ అడ్డు లేని కత్తి జారి పొడిచినవాని వ్రేళ్లనే కోయును. పెనుగులాటలో అది ఎదుటివాని చేతికి చిక్కవచ్చును. అన్నిటికంటె పెద్ద అపాయము మనస్సులోనిది. వట్టి చేతులవాడు కల్లు మండువ ముందు మాట పడి, గొణుగుకొని ఇల్లు చేరును. మొలలో కత్తి ఉన్నవాడు వెనుకకు తగ్గుటకు సిగ్గుపడును. రక్షణకై తెచ్చుకొన్నది తగవును నిలబెట్టును.

కాబట్టి, మొలలో కత్తి ఉంచుకొనదలచినవాడు ముందుగా తన్ను తాను కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. నేను భయపడునది దొంగకా, పొరుగువానికా? పొరుగువానికైనచో ఆ తగవు పంచాయతీలోనో, కోర్టులోనో తీరునది కాదా? వేళ మార్చుకొని, తోడు పిలుచుకొని, దీపము పట్టుకొని, వేరు దారిని పోరాదా? సొమ్ము పోయినను ప్రాణము నిలుచును కదా అని విడువగలనా? బెదిరించినవాని పేర ఠాణాలో ఫిర్యాదు వ్రాయించితినా? అపాయమున 112 అంకెకు ఫోను చేయుట ఇంటివారందరకును తెలుసునా? వీనిలో ఒక్కదానికైనను దారి ఉన్నంతవరకు కత్తికి పని లేదు.

పిల్లలున్న ఇంట ఈ మాట మరింత ముఖ్యము. తండ్రి మొలలో చూచినదానిని కొడుకు రేపు తన సంచిలో వేసికొనును. వాని వయస్సునకు కోపము త్వరగా వచ్చును, ఆలోచన ఆలస్యముగా వచ్చును. ఈ సీమలో కత్తికి కొదువ ఎన్నడును లేదు, ఇక ముందును ఉండదు. పొలముదగ్గర, వంటింట, చెట్టుమీద అది మనకు కూడు పెట్టినది. దానిని పనిచోటనే ఉంచి, దారికి మాత్రము తోడుమనిషిని పిలుచుకొనుట మేలని మా మనవి.