బేస్‌బాల్: అంపైర్ తప్పిదాలు, రీప్లే వివాదం

అంపైరు కళ్ళారా చూసి చెప్పిన తీర్పు తప్పని తేలితే ఏం చేయాలన్న ప్రశ్న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌ను శతాబ్దం పైగా వెంటాడింది. హోం రన్ అవునా కాదా అనే సరిహద్దు తీర్పులకు 2008 ఆగస్టు 28 నుంచి, అవుట్, సేఫ్ సహా చాలా తీర్పులకు 2014 సీజన్ నుంచి వీడియో పరిశీలన అమల్లోకి వచ్చింది. పిచ్చర్ వేసిన బంతి స్ట్రైకా, బాలా అన్న విషయంలోనూ 2026 సీజన్ నుంచి యంత్రసాయంతో అప్పీలు చేసుకోవచ్చని 2025 సెప్టెంబరులో లీగ్ నిర్ణయించింది. టీవీ కెమెరాలు మాత్రం దశాబ్దాల ముందే మైదానాల్లో ఉన్నాయి. ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి నిమిషంలో తెలిసిపోయే నిజం, తీర్పు చెప్పే మనిషికి మాత్రం అందకూడదన్న పద్ధతి అన్నేళ్ళు నడిచింది.

తీర్పు చెప్పే తీరు

మామూలు మ్యాచ్‌కు నలుగురు అంపైర్లు, సీజన్ ముగిశాక జరిగే పోటీలకు ఆరుగురు ఉంటారు. పేరుపడ్డ తప్పుల్లో పెద్దవి రెండు ఫస్ట్ బేస్ దగ్గర జరిగాయి. అక్కడి పనిలోనే ఒక చిక్కు ఉంది. రన్నర్ కాలు బేస్‌ను తాకింది ముందా, బంతి ఫీల్డర్ గ్లోవ్‌లో పడింది ముందా అన్నది తేల్చాలి. రెండూ రెండు చోట్ల జరుగుతాయి, కన్ను ఒక్కచోటే నిలుస్తుంది. అందుకని అంపైరు చూపును బేస్ మీద పెట్టి, బంతి తోలులో పడే ‘టప్’ మన్న చప్పుడును చెవితో పట్టుకుంటాడు. స్టేడియం హోరెత్తితే ఆ చెవి మూసుకుపోయినట్టే. ఫీల్డర్ బంతిని తల ఎత్తున అందుకుంటే, దాన్ని చూడబోయిన కన్ను బేస్‌ను వదిలేస్తుంది. ఇది తెలియనివారికి ఆ తప్పులు అజాగ్రత్తగా కనబడతాయి. చాలావరకు కావు.

అంపైరు స్వయంగా చూసి నిర్ణయించిన విషయాలపై ఫిర్యాదుకు నిబంధనలు చోటివ్వలేదు. నిబంధనను తప్పుగా అన్వయించినప్పుడే జట్టు నిరసన నమోదు చేయగలిగేది. 1983 జులై 24న జార్జ్ బ్రెట్ హోం రన్‌ను, బ్యాటుకు తారు ఎక్కువ పూశాడని అంపైర్లు కొట్టేస్తే, అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పును తిప్పగలిగాడు. అది చూపుకు సంబంధించిన తీర్పు కాకపోవడమే కారణం. ఈ తేడా కింద చెప్పబోయే 2010 నాటి వివాదానికి కీలకం.

తొలినాటి వివాదాలు

1908 సెప్టెంబరు 23న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జరిగిన ఫ్రెడ్ మెర్కల్ ఉదంతాన్ని చాలామంది అంపైరు తప్పిదాల్లో చేరుస్తారు. జెయింట్స్ గెలుపు పరుగు వచ్చిందనుకుని మెర్కల్ సెకండ్ బేస్‌ను తాకకుండానే వెనుదిరిగాడు. కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి పట్టుకుని బేస్ మీద నిలబడి అప్పీలు చేస్తే, అంపైర్ హ్యాంక్ ఓడే అవుట్ ఇచ్చాడు. ఎవర్స్ చేతిలో ఉన్నది అసలు బంతేనా అన్నది నేటికీ తేలలేదు. జెయింట్స్ ఆటగాడు జో మెక్‌గినిటీ అసలు బంతిని జనంలోకి విసిరేశాడన్న కథనం బలంగానే ఉంది. అయినా ఇది తప్పు తీర్పు అనడం కష్టం. అదే నెల 4న పిట్స్‌బర్గ్‌లో ఎవర్స్ ఇదే అప్పీలు చేస్తే, తాను చూడలేదని ఓడే తోసిపుచ్చాడు. రెండోసారి చూశాడు, ఉన్న నిబంధన ప్రకారమే చెప్పాడు. డ్రాగా ప్రకటించిన ఆ మ్యాచ్‌ను అక్టోబరు 8న మళ్ళీ ఆడించారు. కబ్స్ గెలిచింది.

1905 నుంచి 1941 వరకు పనిచేసిన బిల్ క్లెమ్, తానెన్నడూ తప్పు చెప్పలేదని అన్నట్టు ఒక కథనం, మనసుకు తెలిసి ఎన్నడూ తప్పు చెప్పలేదని అన్నట్టు మరో కథనం ప్రచారంలో ఉన్నాయి. మొదటిది ఎక్కువ వినబడుతుంది, రెండోది నమ్మదగినదిగా ఉంది. 1956 వరల్డ్ సిరీస్‌లో డాన్ లార్సెన్ పర్ఫెక్ట్ గేమ్‌ను (ప్రత్యర్థి బ్యాటర్లలో ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్‌ను) ముగించిన ఆఖరి స్ట్రైక్ బయటికి పోయిందని బ్యాటర్ డేల్ మిచెల్ చివరిదాకా వాదించాడు.

1985: డెంకింగర్ తీర్పు

అక్టోబరు 26, వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, కాన్సాస్ సిటీ. సెయింట్ లూయిస్ కార్డినల్స్ సిరీస్‌లో 3-2తో, మ్యాచ్‌లో 1-0తో ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రాయల్స్ తొలి బ్యాటర్ హోర్హె ఓర్టా కొట్టిన నేలబంతిని జాక్ క్లార్క్ ఆపి, బేస్ మీదికి పరుగెత్తుకొచ్చిన పిచ్చర్ టాడ్ వొరెల్‌కు అందించాడు. ఓర్టా స్పష్టంగా ఆలస్యమయ్యాడు. డాన్ డెంకింగర్ సేఫ్ అన్నాడు. పొడగరి వొరెల్ బంతిని ఎత్తులో అందుకున్నాడని, జనం అరుపుల్లో గ్లోవ్ చప్పుడు వినబడలేదని, తాను బేస్‌కు మరీ దగ్గరగా నిలబడ్డానని ఆయన తర్వాత వివరించాడు. పైన చెప్పిన చిక్కు అంతా ఆ ఒక్క క్షణంలో కలిసొచ్చింది.

రాయల్స్ 2-1తో గెలిచింది. మర్నాడు ఏడో మ్యాచ్‌ను 11-0తో గెలిచి టైటిల్ తీసుకుంది. ఒక్క అంపైరు సిరీస్‌ను పోగొట్టాడన్న మాట అప్పటినుంచి స్థిరపడిపోయింది. స్కోరు పట్టీ అంత సూటిగా చెప్పదు. తరువాతి బ్యాటర్ స్టీవ్ బాల్బోనీ లేపిన ఫౌల్ క్యాచ్‌ను కార్డినల్స్ అందుకోలేక వదిలేసింది. ఆపై ఒక బంట్‌కు ఓర్టానే థర్డ్ బేస్ దగ్గర అవుట్ చేశారు. అంటే తప్పు తీర్పుతో బతికిన రన్నర్ పరుగు చేయనేలేదు. ఆ తర్వాత క్యాచర్ ఒక బంతిని జారవిడిచాడు, డేన్ ఓర్గ్ సింగిల్‌తో రెండు పరుగులు వచ్చాయి. దక్కాల్సిన ఒక అవుట్ దక్కకపోవడం చిన్న నష్టమేమీ కాదు, కానీ ఓటమిలో కార్డినల్స్ వాటా కూడా ఉంది. నింద మాత్రం డెంకింగర్ ఒక్కడే మోశాడు. ఇంటికి బెదిరింపులు వచ్చాయి. 1998 దాకా అంపైరుగా కొనసాగిన ఆయన 2023లో మరణించాడు. ప్రాణం తీస్తామన్న ఉత్తరాలు వచ్చేంత పాపం అది కాదు.

రీప్లే రాక

1996 అక్టోబరు 9న యాంకీ స్టేడియంలో డెరెక్ జీటర్ కొట్టిన బంతిని గోడ మీది నుంచి చేయి చాచి ఒక 12 ఏళ్ళ బాలుడు లోపలికి లాగేశాడు. అంపైర్ రిచ్ గార్సియా హోం రన్ ఇచ్చాడు. ప్రేక్షకుడి జోక్యం జరిగిందని వీడియో చూశాక ఒప్పుకున్నాడు, కానీ ప్రత్యర్థి జట్టు బాల్టిమోర్ నిరసన చెల్లలేదు. 1999 మే 31న ఫ్లోరిడాలో ఫ్రాంక్ పుల్లీ, క్లిఫ్ ఫ్లాయిడ్ కొట్టిన బంతి విషయం తేల్చుకోవడానికి టీవీ కెమెరా తెర దగ్గరికి నడిచాడు. హోం రన్ కాదు, డబుల్ అని సరిగ్గా తేల్చాడు. నేషనల్ లీగ్ అధ్యక్షుడు లెన్ కోల్‌మన్ ఫలితాన్ని ఉంచి, రీప్లే చూడటం తగదని తేల్చిచెప్పాడు. నిజం కనుక్కున్నందుకు ఒక అంపైరు మందలింపు పొందిన సందర్భం ఇది.

క్రికెట్‌లో అప్పటికే 1992 నవంబరులో డర్బన్ టెస్టులో సచిన్ టెండూల్కర్‌ను మూడో అంపైరు రనౌట్ ఇవ్వడంతో ఆ దారి తెరుచుకుంది. డీఆర్‌ఎస్‌ను తొలిసారి పరీక్షించిన భారత్, శ్రీలంక సిరీస్ 2008 జులైలో మొదలైతే, మేజర్ లీగ్ రీప్లే ఆగస్టు చివర్లో వచ్చింది. బేస్‌బాల్ రీప్లే తొలి పరీక్ష సెప్టెంబరు 3న అలెక్స్ రోడ్రిగెజ్ హోం రన్‌పై జరిగింది, తీర్పు నిలిచింది. సెప్టెంబరు 19న కార్లోస్ పేన్యా కొట్టిన బంతి విషయంలో తొలిసారి తీర్పు మారింది.

వ్యతిరేకుల వాదన రెండు ముక్కల్లో చెప్పవచ్చు: ఆట సాగదీసినట్టవుతుంది, మానవ స్వభావం ఆటలోంచి పోతుంది. కమిషనర్ బడ్ సెలిగ్ చాలాకాలం రెండోదాన్నే నమ్మాడు.

2010: గలరాగా, జాయిస్

జూన్ 2న డెట్రాయిట్ కొమెరికా పార్కులో టైగర్స్ పిచ్చర్ అర్మాండో గలరాగా, క్లీవ్‌లండ్ బ్యాటర్లు 26 మందిని వరసగా అవుట్ చేశాడు. అప్పటికి పర్ఫెక్ట్ గేమ్‌లు మొత్తం 20 మాత్రమే, వాటిలో రెండు అంతకుముందు నెలలోనే వచ్చాయి. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లో ఆస్టిన్ జాక్సన్ వెనక్కి తిరిగి పరుగెత్తి భుజం మీదుగా అందుకున్న క్యాచ్ చూసి, ఇక ఇది జరిగి తీరుతుందని అంతా అనుకున్నారు. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ నేలబంతి కొట్టాడు. మిగేల్ కబ్రేరా కుడివైపు జరిగి ఆపి విసిరాడు. గలరాగా బేస్ మీద కాలు పెట్టి అందుకున్నాడు. డొనాల్డ్‌కు ఇంకా ఒక అడుగు ఉంది. జిమ్ జాయిస్ రెండు చేతులూ చాచి సేఫ్ అన్నాడు.

గలరాగా వాదించలేదు. ఒక చిరునవ్వు నవ్వి పిచ్చర్ దిబ్బ మీదికి తిరిగి నడిచాడు, తరువాతి బ్యాటర్‌ను అవుట్ చేసి 3-0తో మ్యాచ్ ముగించాడు. మొత్తం 88 బంతులు. అంపైర్ల గదిలో వీడియో చూసిన జాయిస్ కుంగిపోయాడు. గలరాగాను కలిసి కన్నీళ్ళతో క్షమాపణ చెప్పాడు, ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్‌ను తానే పోగొట్టానని విలేకరుల ముందు దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. మర్నాడు హోం ప్లేట్ వెనక అతని వంతు. సెలవు తీసుకోమన్నా తీసుకోలేదు. జట్ల పట్టిక ఇవ్వడానికి మేనేజర్ బదులు గలరాగా వచ్చాడు. జాయిస్ కళ్ళు తుడుచుకుంటూ అందుకుని అతని భుజం తట్టాడు. స్టేడియం చప్పట్లు కొట్టింది. ఆ ఏడాదే ఈఎస్‌పీఎన్ పత్రిక ఆటగాళ్ళను అడిగితే, 53 శాతం మంది అత్యుత్తమ అంపైరుగా జాయిస్ పేరే చెప్పారు.

తీర్పు మార్చాలన్న విజ్ఞప్తిని సెలిగ్ ఒప్పుకోలేదు. మ్యాచ్ ఫలితం మారదు గనుక నష్టం లేదన్నది మార్చాలన్న వారి మాట. 1983 ఉదాహరణ కూడా ఎత్తిచూపారు, కానీ అది నిబంధన అన్వయం, ఇది చూపు. ఒకసారి చూపు తీర్పును ఆఫీసులో కూర్చుని తిరగరాస్తే 1985ను ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. ఆ లెక్కన సెలిగ్ నిర్ణయం అర్థం చేసుకోదగిందే. 2020లో గలరాగా తన పర్ఫెక్ట్ గేమ్‌ను గుర్తించమని బహిరంగంగా అడిగాడు. రికార్డుల్లో అది ఇంకా ఒక్క హిట్ మ్యాచే.

2014, ఆ తర్వాత

తెర ఉన్నంత మాత్రాన తప్పు జరగకుండా పోదని 2013 మే 8న క్లీవ్‌లండ్‌లో తేలింది. ఓక్లండ్ బ్యాటర్ ఆడమ్ రొసాలెస్ కొట్టిన బంతి గోడపై కడ్డీకి తగిలి వెనక్కి పడింది. అంపైర్లు స్టేడియంలోనే వీడియో చూసి కూడా డబుల్‌గానే ఉంచారు. తీర్పు సరికాదని లీగ్ మర్నాడు ఒప్పుకుంది. 2014 నుంచి పరిశీలనను న్యూయార్క్‌లోని కేంద్రానికి మార్చారు. అక్కడి అంపైర్లు అన్ని కోణాలూ చూసి హెడ్‌ఫోన్‌లో చెబుతారు. మేనేజర్‌కు సవాలు చేసే హక్కు వచ్చింది. తొలి సీజన్‌లో 1,275 పరిశీలనలు జరిగితే 47 శాతానికి పైగా తీర్పులు మారాయి. అన్నేళ్ళూ ఎన్ని తప్పులు అలాగే చెల్లిపోయాయో ఈ అంకె చూస్తే బాధ కలుగుతుంది. సవాలు చేయాలా వద్దా అని తమవాళ్ళు లోపల వీడియో చూసి చెప్పేదాకా మేనేజర్లు అంపైరుతో మాటలు సాగదీసేవారు. అందుకని గడువును 2017లో 30 సెకన్లకు, 2023లో 15 సెకన్లకు కుదించారు.

కొత్త చిక్కు జారుకుంటూ వచ్చే రన్నర్‌తో వచ్చింది. బేస్ మీదికి దూకినవాడి చేయో కాలో రెప్పపాటు అంగుళం పైకి లేస్తుంది. ఫీల్డర్ గ్లోవ్ ఆనించే ఉంచితే, తెర మీద నెమ్మదిగా చూసినప్పుడు అతను అవుట్. నూరేళ్ళలో ఏ అంపైరూ పట్టించుకోని ఈ అంగుళం కోసం మ్యాచ్‌లు ఆగుతున్నాయి. రీప్లే విమర్శల్లో న్యాయమైనది ఇదే.

స్ట్రైక్ హద్దు

2020 నుంచి లీగ్ వాడుతున్న హాక్‌ఐ మన పాఠకులకు ఎల్‌బీడబ్ల్యూల వల్ల పరిచయమైనదే. దీని ఆధారంగా రూపొందిన సవాలు పద్ధతిని మైనర్ లీగ్‌లలో, 2025 వసంతకాల సన్నాహక మ్యాచ్‌లలో పరీక్షించారు. హద్దు వెడల్పు ప్లేటు వెడల్పే, 17 అంగుళాలు. పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం దగ్గర, కింది అంచు 27 శాతం దగ్గర. జట్టుకు రెండు సవాళ్ళు, నెగ్గితే సవాలు మిగులుతుంది. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్‌లలో ఒకరు వెంటనే టోపీయో హెల్మెటో తట్టి అడగాలి. డగౌట్ సాయం కుదరదు. ప్రతి బంతినీ యంత్రానికే అప్పగించే పద్ధతిని పరీక్షించి కూడా లీగ్ పక్కన పెట్టింది. హద్దు అంచున పడ్డ బంతిని గ్లోవ్ మెల్లగా లోపలికి తిప్పి స్ట్రైక్ అనిపించే క్యాచర్ పనితనం అందువల్ల పూర్తిగా అంతరించిపోలేదు.

అన్ని తీర్పులూ ఇలా రీప్లేకో యంత్రానికో చేరలేదు. 2012 అక్టోబరు 5న అట్లాంటాలో శామ్ హోల్‌బ్రుక్ ఇచ్చిన ఇన్‌ఫీల్డ్ ఫ్లై (ఫీల్డర్ తేలిగ్గా అందుకోగల ఎత్తు బంతికి, పట్టకముందే బ్యాటర్‌ను అవుట్ చేసే) తీర్పుకు జనం సీసాలు విసరడంతో మ్యాచ్ ఆగింది. ఆ నిబంధన కింద వచ్చే తీర్పు మాత్రం నేటికీ రీప్లే పరిధిలోకి రాదు.