భీమవరంలో స్వల్పకాలిక అద్దె వసతి: నిబంధనల చరిత్ర

సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో లాడ్జి గది దొరకడం గగనం. కోడిపందేలకు వచ్చేవాళ్లు చాలా ముందే గదులు పట్టేస్తారు. అద్దెలు కొండెక్కుతాయి. గది దొరకనివాళ్లకు తెలిసినవాళ్ల ద్వారా ఇళ్లే కుదురుతాయి. ఈ మూణ్ణాళ్ల అద్దెను అదుపు చేసేది ఒక్క చట్టం కాదు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాలకు పుట్టిన నిబంధనల అతుకుల బొంత.

పూర్వం బాటసారికి సత్రమే దిక్కు. అది వ్యాపారం కాదు, ధర్మం. అందుకే తొలి నిబంధనలు గదుల జోలికి పోకుండా మాన్యాలను పట్టించుకున్నాయి. సత్రాల ఆస్తులు దారి మళ్లకుండా చూసే పనిని మద్రాసు ప్రభుత్వం 1817 నాటి ఏడో రెగ్యులేషన్‌తో రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. ఇప్పుడా పని 1987 చట్టం కింద దేవాదాయ శాఖ చూస్తోంది.

డబ్బు తీసుకుని పడక ఇచ్చే లాడ్జీలు వచ్చాక దృష్టి శుభ్రత మీదికి మళ్లింది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం వాటికి రిజిస్ట్రేషన్ పెట్టింది. భీమవరం 1948లో మున్సిపాలిటీ అయ్యాక ఆ రిజిస్ట్రేషన్ పని దాని చేతికి వచ్చింది.

పోలీసుల పట్టింపు వేరు. లాడ్జి కౌంటరు మీది రిజిస్టరులో పేరు, ఊరు, వచ్చిన పని రాయాలి, గుర్తింపు పత్రం చూపాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లో అధికారులకు తెలపాలి. ఇది లాడ్జీకే కాదు, ఇల్లు ఇచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. పండక్కి అమెరికా నుంచి జనం దిగే ఈ డెల్టాలో ఈ సంగతి ఎందరికి తెలుసో! పందెం నేరమే గాని, పందెం చూడవచ్చినవాడికి గది ఇవ్వడం నేరం కాదు. తెలిసి తెలిసి ఇంట్లో పేకాట శిబిరం నడవనిస్తే మాత్రం 1974 జూద చట్టం యజమాని మెడకూ చుట్టుకుంటుంది.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, గదులు ఆరు దాటకూడదు. కాబట్టి ఇల్లంతా ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చే పండగ అద్దె ఈ పథకంలో ఇమడదు.

పన్ను సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. ఏడాది రాబడి 20 లక్షలు దాటని యజమాని రిజిస్టరు చేసుకోనక్కర్లేదు. అయితే గది ఆన్‌లైన్ యాప్ ద్వారా బుక్ అయితే ఆ పన్ను యాప్ కంపెనీ కట్టాలి.