అంకెల్లో, అక్షరాలా

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. చెక్కు చేతికి రాగానే కళ్లు ముందు అంకెల మీద, వెంటనే అక్షరాల మీద పడతాయి. రెండూ కలవకపోతే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను దృష్టిలో అక్షరాల్లో ఉన్న మొత్తమే మొత్తం. అంకెను పూర్తిగా నమ్మని ఈ జాగ్రత్త ఇటలీ షరాబులకు ఏడువందల ఏళ్ల కిందటే ఉండేది.

అంతకుముందు వారి ఖాతాలు రోమన్ సంఖ్యల్లో నడిచాయి. అవి ఏడే అక్షరాలు. ఐ అంటే 1, వి 5, ఎక్స్ 10, ఎల్ 50, సి 100, డి 500, ఎమ్ 1000. పెద్దదాని తరువాత చిన్నది వస్తే కూడాలి, ముందు వస్తే తీసివేయాలి. వి కి కుడివైపు ఐ ఉంటే ఆరు, ఎడమవైపు ఉంటే నాలుగు. 38 రాయాలంటే మూడు ఎక్స్‌లు, ఒక వి, మూడు ఐలు కావాలి. సున్నా లేదు, స్థానవిలువ లేదు. అందుకని గీతల బల్ల మీద బిళ్లలు జరిపి లెక్కకట్టి, వచ్చిన మొత్తాన్ని మాత్రం అక్షరాల్లో రాసుకునేవారు.

పీసా నగరపు లియొనార్డో, అంటే ఫిబొనాచ్చి, ఉత్తరాఫ్రికాలోని బుజియా రేవులో మన అంకెలు నేర్చుకున్నాడు. తొమ్మిది భారతీయ అంకెలూ సున్నాతో ఏ సంఖ్యనైనా రాయవచ్చని 1202లో 'లిబెర్ అబాకి' గ్రంథంలో చూపించాడు. అయినా 1299లో ఫ్లోరెన్సు షరాబుల సంఘం, ఖాతాల్లో ఈ అంకెలు వాడరాదు, మొత్తం అక్షరాల్లోనే రాయాలి అని నిబంధన పెట్టింది.

దాన్ని మూర్ఖత్వం అనుకోవద్దు. సున్నాకు తోక తగిలిస్తే ఆరో తొమ్మిదో అవుతుంది. చివర మరో సున్నా చేరిస్తే వంద కాస్తా వెయ్యి. రోమన్ సంఖ్యల్లోనూ ఒక ఐ అదనంగా గీస్తే రెండు మూడవుతుంది. అందుకే చివరి ఐకి కిందికి తోక లాగి జె లాగా రాసేవారు. మనం చెక్కు మీద 'మాత్రమే' అని రాసి గీత కొట్టినట్టే!

కాలక్రమాన సౌకర్యమే గెలిచింది. రోమన్ సంఖ్యలు గడియారాలకూ, రాజుల పేర్లకూ, పుస్తకాల అధ్యాయాలకూ మిగిలాయి. ఆ పాత జాగ్రత్త మాత్రం పోలేదు. మన ప్రోనోటులోని 'అక్షరాలా' అన్న మాట అదే.

మొన్న మా హోసూరు ఇంట్లో తాతగారి నాటి ప్రోనోటు ఒకటి బయటపడింది. ౨౭౫ అని తెలుగు అంకెల్లో వేసి, పక్కనే అక్షరాలా రాసి ఉంది. మా తమ్ముడి కూతురికి ఆ అంకెలు తెలియవు. అందులో వింత లేదు. చదివి వినిపించాను. "పెదనాన్నా, డెబ్బై ఐదంటే ఎంత?" అంది. తమిళంలో చెబితే వెంటనే రాసింది.

అంకెలు ఇవాళ లోకంలో చాలాచోట్ల ఒకటే. అక్షరాలా రాసేదే ఎవరి భాషలో వారిది. రోజుకు పది చొప్పున దానిచేత రాయిస్తున్నాను. నిన్నటికి నలభై దాటాం. రోమన్ సంఖ్యలు బడిలో నేర్పుతారు. ఇవి మనం నేర్పితేనే వస్తాయి.